పనిచోటనే పలక, బలపము

మదనపల్లె విపణిలో దిగిన టమాటపండ్లు మన వంటయింటికి వచ్చును. నీరుగట్టువారిపల్లె మగ్గములమీద నేసిన పట్టుచీరలు మన పెండ్లిపందిళ్లకు వచ్చును. పుంగనూరు పల్లెలలో పితికిన పాలు పట్టణపు వాకిళ్లకు చేరును. కుప్పములో తెల్లవారకమునుపే రైలెక్కిన స్త్రీలు బెంగుళూరులో ఇటుకలు మోసి, ప్రొద్దు గ్రుంకిన పిదప ఇల్లు చేరుదురు. ఈ పనులన్నిటియందును స్త్రీల చేయి కలదు. ఆ చేతులలో పెక్కింటికి తమ పేరు తాము వ్రాసికొనుట తెలియదు. చీరకొంగున నెమలిని దింపుటకు తోడ్పడిన చేయియే కూలిపుస్తకమునందు వ్రేలిముద్ర వేయుచున్నది. ఈ విషయమును గూర్చి చదువరులతో కొంత ముచ్చటింప దలచితిమి.

2011 జనాభా లెక్కలనుబట్టి నాటి చిత్తూరు జిల్లాలో ఏడేండ్లు నిండిన స్త్రీలలో నూటికి సుమారు 63 మంది మాత్రమే చదువ వ్రాయ నేర్చినవారు. పురుషులలో ఈ సంఖ్య సుమారు 80. అనగా ప్రతి ముగ్గురు స్త్రీలలోను ఒకతెకు మించి అక్షరమునకు దూరముగా నుండిరన్నమాట. ఈ లెక్కయైనను ఇంటివారు చెప్పిన మాటను వ్రాసికొనినదే కాని, ఎవరికిని పుస్తకమిచ్చి చదివించి చూచినది కాదు. ఇప్పుడు బాలికలు బడికి పోవుచున్నారు గదా, ఈ తరము గడిచినచో ఈ కొరత దానంతటదియే తీరును గదా యని కొందరందురు. ఆ మాట మాకు రుచింపదు. తరము గడచుటయనగా మన తల్లుల యీడువారు చదువురాకుండగనే కన్ను మూయుట. అంతవరకును వారు కూలికి పోవలయును, అప్పు పత్రములపై ముద్ర వేయవలయును, మందుసీసాలు చేత పట్టుకొని ఇతరుల ముఖము చూడవలయును.

చదువులేమివలన కలుగు నష్టము ఎట్టిదో టమాట విపణిలో చూడవచ్చును. రైతుకుటుంబమునకు చేతికి వచ్చునది ఒక చీటీ. అందులో పెట్టెలెన్ని, వేలములో పలికిన ధర యెంత, దళారి రుసుము ఎంత, బండి బాడుగ ఎంత, కూలి ఎంత యని వ్రాసియుండును. వందపెట్టెలకు కొన్నింటిని ఊరక మినహాయించుకొను అలవాటునకు అక్కడ ‘జాక్‌పాట్’ అని పేరు పెట్టినట్లు పత్రికలలో పలుమారు చదివితిమి. పేరు వినుటకు ముచ్చటగానే యున్నది. జూదములో గెలిచినవాని కానందము, ఓడినవానికి దుఃఖము. చీటీ చదువగల ఇల్లాలు ఇంట నున్నచో ఆ మినహాయింపు ఆగిపోవునని మేము చెప్పము. కాని ఎన్ని పెట్టెలు పోయినవో ఆమెకు తెలియును. తెలిసినవారు అడుగుదురు, తెలియనివారు తలయూపుదురు.

పాలకేంద్రమునను ఇంతే. పాలు పోసిన పిమ్మట యంత్రము వెన్నశాతమును, పరిమాణమును, ధరను చీటీపై అచ్చువేసి యిచ్చును. నిన్నటి వెన్నకును నేటి వెన్నకును గల తేడా ఆ చీటీలోనే యున్నది. పుంగనూరు ఆవు మూడడుగుల యెత్తునకు లోబడిన పొట్టి జాతి. దాని పాలు కొంచెమైనను వెన్న మిక్కుటము. అట్టి పాడికి పేరుపొందిన సీమలో పశువు మేతనుండి ఈత వరకు సర్వము ఎరిగిన స్త్రీ, తన పాల విలువను చెప్పు చీటీని మాత్రము కొంగున ముడివేసికొని, సాయంత్రము పిల్లవాడు బడినుండి వచ్చువరకు వేచియుండవలసి వచ్చుచున్నది.

ఇప్పుడు దీనికి చేతి ఫోను తోడైనది. బ్యాంకులో సొమ్ము పడినచో ఫోనునకు సందేశము వచ్చును. ఆ సందేశము చదువలేని స్త్రీకి, నీ ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పుమని గొంతు మార్చి అడుగువాడు బ్యాంకువాడో దొంగయో తెలియుట కష్టము. చదువులేనివారికి వ్రేలిముద్ర, చదివినవారికి చేవ్రాలు అని పూర్వము ఒక భేదముండెడిది. నేడు చౌకధరల దుకాణమునందు బి.ఏ. చదివినవారును యంత్రముపై వ్రేలు పెట్టవలసినదే! అందులోను రాళ్లు మోసి, దారము లాగి, గీతలరిగిపోయిన వ్రేళ్లను ఆ యంత్రము తరచుగా గుర్తింపదు. ఏ వ్రేలిముద్రను జీవితమంతయు నమ్ముకొనిరో అదియే వారిని తిరస్కరించుచున్నది.

మదనపల్లె విద్యకు కొత్త ఊరు కాదు. అనీబిసెంటమ్మ 1915లో అక్కడ కళాశాల స్థాపించెను. రవీంద్రకవి 1919లో ఆ కళాశాలలో బసచేసి ‘జనగణమన’ గీతమును ఆంగ్లమున వ్రాసియిచ్చెను. దానికి స్వరము కూర్చిన మార్గరెట్ కజిన్స్ అనునామె భారత మహిళాసంఘమును స్థాపించినవారిలో ఒకతె. ఊరికి కొంతదూరమున ఋషివ్యాలీ విద్యాలయము కలదు. ఆ విద్యాలయపు గ్రామవిద్యా కేంద్రమువారు చుట్టుపట్ల పల్లెలలో చిన్నబడులు పెట్టి, పుస్తకములకు బదులు కార్డులతో, మెట్టుమెట్టుగా, ఎవరి వేగముననుసరించి వారు నేర్చుకొను పద్ధతిని వెలయించిరి. అది దేశదేశములకు ప్రాకినది. ఆ బడులలో ‘మెట్రిక్ మేళా’ యని ఒక వేడుక జరుపుదురు. పిల్లలు త్రాసులును, కొలబద్దలును పెట్టుకొని ఊరివారిని పిలిచి తూచి, కొలిచి చూపింతురు. పిల్లల చదువును చూడవచ్చిన తల్లి తూనికను చదువుట ఆటగా చూచి తెలిసికొనును. ఇది మాకు మిక్కిలి నచ్చినది. పెద్దవారిని బడికి పిలిచినచో సిగ్గుపడుదురు. సంతకు పిలిచినచో వత్తురు.

పెద్దలకు చదువు చెప్పవలయునను తలంపు ఆంధ్రదేశమున పాతదే. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమముతోపాటు వయోజనవిద్యకును చిరకాలము పాటుపడిరి. దుర్గాబాయమ్మగారు బాల్యమునందే స్త్రీలకు హిందీ నేర్పు పాఠశాల నడిపి, పిమ్మట ఆంధ్రమహిళాసభను నెలకొల్పిరి. ఇవి చదువరులెరిగినవే కనుక విస్తరింపము.

ఈ మూడు పట్టణములకును సంబంధించిన పెద్దప్రయత్నము 1990 ప్రాంతమున జరిగినది. కేంద్రప్రభుత్వము 1988 మే 5వ తేదీన జాతీయ సాక్షరతా మిషనును ప్రారంభించెను. కేరళమునందలి ఎర్నాకుళము జిల్లా 1990లో సంపూర్ణసాక్షరమని ప్రకటింపబడగా, ఆ వేడి తెలుగునాటికిని సోకినది. చిత్తూరు జిల్లాలో ఆ యుద్యమమునకు ‘అక్షర తపస్మాన్’ అని పేరు. కళాజాతలవారు ఊరూర పాటలు పాడిరి. పదిమందికొక స్వచ్ఛంద శిక్షకుడు చొప్పున, సుమారు 200 గంటలలో మూడు వాచకములు పూర్తిచేయించుట ఆనాటి పద్ధతి. చదువు వచ్చినట్లు ఎప్పుడు చెప్పవలయుననుటకు కొలతయు నేర్పరచిరి: నిమిషమునకు 30 మాటలు బిగ్గరగా చదువుట, 7 మాటలు చూచి వ్రాయుట, 5 మాటలు చెప్పగా వ్రాయుట, నూరువరకు అంకెలు గుర్తించుట. చూడగా ఇది చిన్నకొలతయే. నలుబదేండ్లు బలపము పట్టని చేతికి మాత్రము అది కొండయెక్కుటవంటిది.

అక్షరము వచ్చిన స్త్రీ ఏమి చేయునో ఆ కాలమునందే పొరుగుననున్న నెల్లూరు జిల్లా చూపినది. దూబగుంటలో రాత్రిబడి వాచకమునందు త్రాగుబోతు భర్తగల సీతమ్మ కథ యొకటి యుండెను. దానిని చదివిన స్త్రీలు ఇది మన కథయేయని ఒకటైరి. వర్ధినేని రోశమ్మ మున్నగువారు ముందునిలిచి సారాయంగడిని ఊరినుండి తరిమిరి. ఆ యుద్యమము ఇతర జిల్లాలకును వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడుటకు కారణమైనది. సారాకు పోవుచుండిన సొమ్ములో దినమునకొక రూపాయి కూడబెట్టుదమని అదే స్త్రీలు ‘పొదుపులక్ష్మి’ సంఘములు కట్టిరి. ఒక వాచకములోని ఒక కథ ఇంతపని చేసినది. అది వారి యింటి కథ యగుటయే దీనికి కారణమని మా యభిప్రాయము.

అయినను ఆ యుద్యమకాలమున నేర్చిన చదువు అందరియందును నిలువలేదు. మూడవ వాచకము ముగిసిన పిమ్మట చదువుటకేమున్నది? ఇంట పుస్తకము లేదు. పనిలో అక్షరముతో అవసరము కలుగదు, కలిగినను మేస్త్రి చూచుకొనును. వాడని కొడవలికి త్రుప్పు పట్టినట్లు వాడని అక్షరము మరుపున పడును. రాత్రిబడికి మరియొక చిక్కు. పగలంతయు కూలిచేసి, వంట వండి, పిల్లలను పండుకొనబెట్టి, రాత్రి తొమ్మిది గంటలకు పలక పట్టుకొనుమనినచో ఆమెకు వచ్చునది చదువు కాదు, నిద్ర. పురుషుడు భోజనము చేసి బడికి పోవచ్చును. ఆ భోజనమును వండిన స్త్రీకి అంట్లుతోమువరకు తీరిక యుండదు. కావున రాత్రిబడిమీదనే భారము వేయక, పనిచోటనే, పనివేళలోనే, పనికి సంబంధించిన మాటలతోనే అక్షరాభ్యాసము జరుగవలయునని మేము గట్టిగా నమ్ముచున్నాము.

ఈ నమ్మకము మాది మాత్రమే కాదు. బ్రెజిలు దేశమునందు పాలో ఫ్రెయిరీ అను విద్వాంసుడు 1963లో ఆంగికోస్ అను ఊర సుమారు 300 మంది కష్టజీవులకు 40 గంటల పాఠములతో చదువు నేర్పించెను. ఆయన అక్షరమాలతో ప్రారంభింపలేదు. నేర్చువారి నిత్యజీవితమునందలి మాటలను ఏరి, ఆ మాటను గూర్చి ముందు వారిచేతనే మాటలాడించి, తరువాత దానిని ముక్కలుచేసి, ఆ ముక్కలతో కొత్తమాటలు కట్టించెను. తాపీపనివానికి ‘ఇటుక’ యనుమాట అట్టిదే. 1967 మొదలు 1973 వరకు యునెస్కోవారు పదునొకండు దేశములలో పనితో ముడిపెట్టిన వయోజనవిద్యను పరీక్షించి చూచిరి. మన దేశమును అందులో నుండెను. ఆ ప్రయత్నముపై వచ్చిన ఆక్షేపణయును చెప్పవలయును. పంట పెరుగుటకును, సరకు పెరుగుటకును కావలసిన చదువునే చెప్పి, మనిషికి కావలసినదానిని మరచిరని పలువురు విమర్శించిరి. ఆ విమర్శ న్యాయమైనదే. స్త్రీ అక్షరము కోరునది మగ్గమునకు ఉపకారము చేయుటకు కాదు.

తెలుగులో ఈ పద్ధతి యెట్లు నడచునో నీరుగట్టువారిపల్లె మగ్గముదగ్గరనే చూతము. నేతపనిలో స్త్రీ కండెలు చుట్టును, ఆసు పోయును, అచ్చు అతుకును. దారము తెగినచో ముడివేయును. ఆమె నోట దినమునకు నూరుమారులు వచ్చు మాట ‘పడుగు’. ఈ మాటను పలకపై వ్రాసి యిచ్చినచో ప, డ, గ యను మూడక్షరములును, ఒక కొమ్మును ఒక్కసారిగా వచ్చును. తరువాత ‘పేక’ యనునది నేర్పినచో క చేరును, ఏత్వము చేరును. అక్కడినుండి ప, డ, గ, క లను నాలుగింటితోనే గడప, పడక, పడగ వ్రాయవచ్చును. కడప యని వ్రాయవచ్చును. అది మదనపల్లె బస్సుల నిలయములో ఆమె చూచుచుండు పలకమీది పేరే! మొదటి వారముననే బస్సుపేరు చదువగలిగిన స్త్రీ రెండవవారము పాఠమునకు రాకపోదు. అ, ఆ లతో ప్రారంభించి బండి-ఱ వరకు నడిపించినచో ‘పడుగు’ వ్రాయుటకు ఎన్ని మాసములు పట్టునో చదువరులే యూహింపవచ్చును. పసిపిల్లలకు కాలము కలదు. పెద్దవారికి ఓపిక కలదు గాని కాలము లేదు.

లెక్క విషయమున మరింత సులువు. ఈ స్త్రీలకు లెక్క రాదనుట పొరబాటు. నోటిలెక్కలో మనలో పెక్కండ్రు వారికి చాలము. వారికి రానిది అంకె. తెలిసిన లెక్కకు గుర్తునేర్పుట కొత్తగా లెక్క నేర్పుటకంటె ఎంతో తేలిక. కూలిరోజులు, కండెల సంఖ్య, పాల లీటర్లు, ఫోను సంఖ్య—వీనితో ప్రారంభింపవలయును.

కుప్పము విషయము వేరు. అది మూడు రాష్ట్రములు కలియుచోటు. ఒకే వీథిలో తెలుగు, తమిళము, కన్నడము వినబడును. అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో ఏర్పడుట ఉచితముగనే యున్నది. కాని ఆ విశ్వవిద్యాలయపు ఊరినుండియే బెంగుళూరు పనులకు పోవు స్త్రీకి ఏ లిపి నేర్పవలయునను చిక్కు కలదు. ఆమె యెక్కిన స్టేషనులో పలక తెలుగు, బంగారుపేటలో పలక కన్నడము. జోలార్‌పేట వైపు పోయినచో తమిళము. ఇంట నేభాష మాటలాడునో ఆ భాషలోనే తొలి యక్షరము నేర్పుట మేలని మా తలంపు. తెలుగు నేర్చినదానికి కన్నడలిపి సగము వచ్చినట్లే. ఆ రెండును అక్కచెల్లెండ్రు. తమిళలిపికి వేరుగా శ్రమపడవలయును. అంకెలు మాత్రము మూడుచోట్లను ఒక్కటే. కావున రైలు బయలుదేరు గంటలును, ప్లాటుఫారము సంఖ్యయును చదువుట కుప్పమువారికి మొదటిపాఠము కాదగును. ఆ రైలుప్రయాణమే వారికి దినమునకు దొరకు తీరిక. పెట్టెలో కూర్చుండిన నలుగురిలో ఒకతెకు చదువువచ్చిన చాలును.

యజమానులు దీనికొప్పుకొందురా? పని గంటలలో అరగంట పోయినచో నష్టమని అందురు. బెంగుళూరు బట్టలకుట్టు కర్మాగారములలో ఆడపనివారికి మాటతీరు, కాలనియమము, సొమ్ము వాడుక మొదలగువానిని నేర్పు శిక్షణ నిచ్చి, దాని ఫలమును ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. శిక్షణకైన వ్యయమునకు రెండింతలకు మించిన లాభము కర్మాగారమునకు కలిగెనని తేలినది. అది అక్షరవిద్య కాదు, నిజమే. పనివేళలో నేర్పినది వృథాపోదనుటకు మాత్రము సాక్ష్యము. చిన్న మగ్గపుశాలల యజమానులు తామును కష్టజీవులే కనుక వారిమీద మొత్తము భారము మోపుట తగదు. అరగంటలో పావుగంట యజమానిది, పావుగంట పనివారిది యని పంచుకొనినచో ఎవరికిని బరువుండదు.

ఇక శిక్షకురాలెవరు? తొమ్మిదవ తరగతి చదువుచున్న నేతవారి పిల్లయే చాలును. అయితే ఆ పిల్ల నేర్చుకొనువారిని అవ్వా, అత్తా, అక్కా యని పిలువవలయును గాని బడిలో పంతులు తన్ను గద్దించినట్లు గద్దింపరాదు. అత్తను, కోడలిని ఒకే వరుసలో కూర్చుండబెట్టుట మంచిదికాదు. కోడలికి ముందు వచ్చినచో అత్త మానివేయును. అత్తకు ముందు వచ్చినచో కోడలు బ్రదుకనేరదు!

ఎవరును తలపెట్టని సంగతి యొకటి కలదు. నలుబదియేండ్లు దాటినవారికి చత్వారము వచ్చును. సూదిలో దారమెక్కించుటకు మనుమరాలిని పిలుచు అవ్వ, వాచకములోని అక్షరము కనబడక, తనకు బుద్ధిలేదని యనుకొని లేచిపోవును. ఆమెకు కావలసినది బుద్ధి కాదు, కంటియద్దములు. సాక్షరతా మిషను వారు ముఖ్యముగా 15 మొదలు 35 ఏండ్లవారినే ఉద్దేశించిరి గనుక ఆనాడు ఈ చిక్కు అంతగా పైకి రాలేదు. 2022లో కేంద్రప్రభుత్వము అయిదేండ్లకు ప్రారంభించిన ‘ఉల్లాస్’ అను పథకము పదునైదేండ్లు దాటిన యందరికిని ఉద్దేశింపబడినది. స్వచ్ఛంద సేవకులే అందులో బోధకులు. అవ్వలను పిలిచినప్పుడు వాచకముతోపాటు కంటిపరీక్షయు జరిపింపవలయును. మగ్గపుగుంటలోనుండి లేచి మసకవెలుతురులో పాఠము చదువుమనుటయును తప్పు. వాకిట వెలుతురుననే కూర్చుండబెట్టవలయును.

మెదకు జిల్లా బీరంగూడలో 2000లో టాటావారి కంప్యూటరు పద్ధతి మొదలైనది. తెరమీద బొమ్మలు కదలుచుండగా మాటను మాటగానే గుర్తింపజేసి, సుమారు 40 గంటలలో వార్తాపత్రిక చదివింపవచ్చునని దానిని రూపొందించినవారు చెప్పిరి. చదువుట త్వరగా వచ్చును. వ్రాతకు అందులో ప్రాధాన్యము తక్కువ. ఇప్పుడు ప్రతి చేతను ఫోనున్నది గనుక ఆ మార్గమును త్రోసివేయనక్కరలేదు. కాని తన పేరు తాను వ్రాయనిదే చదువు వచ్చినట్లు ఏ స్త్రీయు ఒప్పుకొనదు. నెలకు నెల పొదుపుసంఘము కూడునప్పుడు తీర్మానపుస్తకము క్రింద పదిమందియు చేవ్రాలు చేయవలయును. పుస్తకము వ్రాయునది ఒకతెయే యైనచో లెక్క ఆమెకొక్కతెకే తెలియును. నెలకొకతె చొప్పున వంతులవారిగా బిగ్గరగా చదువుట నియమము చేసినచో, పెద్ద బడిపెట్టకుండగనే చదువు వాడుకలో నుండును. సంఘపు అప్పు ఎవరి పేర ఎంత యున్నదో చదివి వినిపించునపుడు ప్రక్కవారెవరును నిద్రపోరు.

చదువరులలో పెక్కండ్రకు ఇంటిపనికి వచ్చు స్త్రీ యొకతె, వాకిట పాలుపోయు స్త్రీ యొకతె కలరు. జీతపుపద్దును మన పుస్తకమునందే వ్రాసికొనక, ఆమెచేతికొక చిన్నపుస్తకమిచ్చి, రానినాడును వచ్చిననాడును ఆమెచేతనే గుర్తువేయించి, క్రమముగా గుర్తుకు బదులు అంకె, అంకె ప్రక్కన తేదీ, నెలాఖరున పేరు వ్రాయించుట దినమునకు అయిదు నిమిషముల పని. పలక కొనుటకు పెద్దవ్యయము లేదు. చదివి అటకమీద పెట్టిన పాతసంచికలను చిత్తుకాగితములవానికి వేయుటకు బదులు, ముఖపత్రములును పెద్దయచ్చుగల పుటలును విడదీసి ఆమెకిచ్చుట మేలు. కథలు చిన్నయచ్చుతో నుండును గనుక వానిని మూడునాలుగు నెలలాగి, అద్దములు వచ్చిన పిమ్మట ఇయ్యవలయును.